బయోఈక్వివలెన్స్ స్టడీలో గ్రూప్ ఎఫెక్ట్: ప్రోటోకాల్ నుంచి రిపోర్ట్ దాకా ఏం చేయాలి

బయోఈక్వివలెన్స్ స్టడీ అంటే పరీక్షిస్తున్న మందు (టెస్ట్) పోల్చే మందు (రిఫరెన్స్) లాగే రక్తంలోకి చేరుతుందా అని చూసేది. అలాంటి ఒక స్టడీకి 40 మంది వాలంటీర్లు కావాలి, క్లినిక్‌లో ఉన్నవి 30 పడకలు. హైదరాబాద్ సీఆర్‌ఓల్లో (మందుల కంపెనీల తరఫున ఇలాంటి స్టడీలు చేసే సంస్థల్లో) పనిచేసేవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. 30 మందికి సోమవారం డోసింగ్ చేసి, వాళ్లు చెక్-అవుట్ అయ్యాక మిగతా 10 మందిని గురువారం పిలుస్తారు. మందు అదే, ప్రోటోకాల్ అదే, క్లినిక్ కూడా అదే. అయినా లెక్కల్లో మాత్రం ఇవి రెండు గ్రూపులు, ఆ సంగతి మోడల్‌కు (విశ్లేషణకు వాడే గణాంక సమీకరణానికి) తెలియాలి.

ముందుగా మా సలహా చెప్పేస్తాం. ఒకటికంటే ఎక్కువ గ్రూపులుంటే గ్రూప్‌ను మోడల్‌లో పెట్టండి. గ్రూప్-ట్రీట్‌మెంట్ ఇంటరాక్షన్ (టెస్ట్-రిఫరెన్స్ తేడా గ్రూప్‌ను బట్టి మారడం) లేని మోడల్‌తోనే బయోఈక్వివలెన్స్ తేల్చండి. ఇంటరాక్షన్‌ను విడిగా పరీక్షించి, ఫలితం ఎలా వచ్చినా రిపోర్ట్ చేయండి. ఇవన్నీ మొదటి డోసింగ్‌కు ముందే రాతపూర్వకంగా ఉండాలి.

మూడు వేర్వేరు విషయాలు

గ్రూప్ ఎఫెక్ట్ అంటే ఒక గ్రూప్‌లో రక్త స్థాయిలు మొత్తంగా ఎక్కువగానో తక్కువగానో ఉండటం. రెండో గ్రూప్‌లో అందరికీ ఏయూసీ (రక్తంలోకి చేరిన మొత్తం మందుకు కొలత) 15 శాతం ఎక్కువ వచ్చిందనుకోండి. క్రాసోవర్‌లో ప్రతి వాలంటీర్‌కూ టెస్ట్, రిఫరెన్స్ రెండూ అందుతాయి కాబట్టి ఆ తేడా రెండింటిలోనూ ఉంటుంది, నిష్పత్తిలో కొట్టుకుపోతుంది. దీని గురించి నిద్ర మానుకోనక్కర్లేదు.

గ్రూప్-ట్రీట్‌మెంట్ ఇంటరాక్షన్ వేరు. మొదటి గ్రూప్‌లో టెస్ట్/రిఫరెన్స్ నిష్పత్తి 0.98, రెండో గ్రూప్‌లో 0.82 వస్తే అది ఇంటరాక్షన్ ప్రశ్న. రెగ్యులేటర్ అడిగేది దీన్నే. అనోవా (తేడాలను వాటి మూలాల వారీగా విడగొట్టే లెక్క) పట్టికలో గ్రూప్ ఎదురుగా పి-విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా కనిపించే అవకాశం) 0.03 కనిపించగానే కంగారుపడి, ఇంటరాక్షన్ వరసను చూడకుండా వదిలేసేవాళ్లు చాలామంది. చూడాల్సిన వరస రెండోది.

మూడోది పీరియడ్, అంటే ఒక్కో మందు ఇచ్చే విడత. మొదటి గ్రూప్ పీరియడ్ 1, రెండో గ్రూప్ పీరియడ్ 1 వేర్వేరు రోజులు. వాతావరణం, భోజనం వడ్డించిన తీరు, ఆ రోజు డ్యూటీలో ఉన్న ఫ్లెబాటమిస్టులు అన్నీ వేరు. అందుకే పీరియడ్‌ను గ్రూప్ లోపల నెస్ట్ చేయాలి, అంటే ఒక్కో గ్రూప్ పీరియడ్లను వేరుగా లెక్కించాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2001 స్టాటిస్టికల్ గైడెన్స్ కూడా ఇదే చెప్పింది: మొదటి గ్రూప్ పీరియడ్లు, రెండో గ్రూప్ పీరియడ్లు ఒకటి కావన్న వాస్తవం మోడల్‌లో కనిపించాలి.

మూడు మోడళ్లు

మోడల్ 1లో గ్రూప్, సీక్వెన్స్ (ఏ మందు ముందు, ఏది తర్వాత అన్న క్రమం), గ్రూప్-సీక్వెన్స్, గ్రూప్-సీక్వెన్స్ లోపల సబ్జెక్ట్ (వాలంటీర్), గ్రూప్ లోపల పీరియడ్, ట్రీట్‌మెంట్, వీటితో పాటు గ్రూప్-ట్రీట్‌మెంట్ ఇంటరాక్షన్ ఉంటాయి. ఆ చివరి పదాన్ని తీసేస్తే మోడల్ 2. గ్రూప్ ఊసే లేకుండా సీక్వెన్స్, సీక్వెన్స్ లోపల సబ్జెక్ట్, పీరియడ్, ట్రీట్‌మెంట్ మాత్రమే ఉంటే మోడల్ 3, అంటే అందరికీ తెలిసిన మామూలు క్రాసోవర్ అనోవా.

రెండు పీరియడ్ల, రెండు సీక్వెన్సుల స్టడీలో రెసిడ్యువల్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (మోడల్ పదాలన్నీ పోగా మిగిలిన తేడాను అంచనా వేయడానికి మిగిలే స్వతంత్ర అంకెల సంఖ్య) ఇలా వస్తాయి. మోడల్ 3లో మొత్తం మంది నుంచి 2 తీసేయాలి. మోడల్ 2లో గ్రూపుల సంఖ్యను, ఇంకో 1ని తీసేయాలి. మోడల్ 1లో గ్రూపుల సంఖ్యకు రెట్టింపు తీసేయాలి. 40 మంది, 2 గ్రూపులైతే వరసగా 38, 37, 36. మీ అవుట్‌పుట్‌లో ఈ అంకెలు రాకపోతే మోడల్ తప్పు రాశారన్నమాట. మిగతావి చూసే ముందు దీన్ని చూడండి, అర నిమిషం పని.

మోడల్ 2 వాడితే పవర్ (నిజంగా సమానమైన మందు పాసయ్యే అవకాశం) పోతుందన్న భయం ఉంది. లెక్క వేసి చూద్దాం. ఇంట్రా-సబ్జెక్ట్ సీవీ (ఒకే మనిషిలో ఒక కొలతకూ ఇంకో కొలతకూ ఉండే హెచ్చుతగ్గులు) 30 శాతం, 40 మంది, అంచనా నిష్పత్తి 0.95 అయితే లాగ్ స్కేల్‌లో స్టాండర్డ్ ఎర్రర్ 0.0656. దాన్ని హెచ్చించే టీ-విలువ డిగ్రీలు 38 అయితే 1.686, 37 అయితే 1.687. కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు నిష్పత్తి ఉండగల పరిధి) కింది అంచు 85.05 నుంచి 85.04కు జరుగుతుంది, అంతే. ఈ చిన్న ఖర్చుకు భయపడి గ్రూప్‌ను దాచిపెట్టి, తర్వాత రెగ్యులేటర్ లోపాలు చూపుతూ పంపే డెఫిషియెన్సీ లెటర్‌కు జవాబులు రాసుకోవడం తెలివైన బేరం కాదు.

మోడల్ 1తో తీర్పు ఎందుకు చెప్పకూడదు

ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎక్కువ తప్పులు జరిగేది ఈ చోటే.

మొదట చెప్పిన స్టడీనే తీసుకోండి. మొదటి గ్రూప్‌లో 30 మంది, నిష్పత్తి 0.98. రెండో గ్రూప్‌లో 10 మంది, నిష్పత్తి 0.82. సీవీ 30 శాతం. రెండు గ్రూపుల్లోనూ సీక్వెన్సులు సమానంగా ఉన్నాయి, 15–15, 5–5. మోడల్ 2 ఒక్కో గ్రూప్‌కు దాని తలల లెక్కన బరువు (వెయిట్) ఇస్తుంది. ఉమ్మడి నిష్పత్తి 93.73 శాతం, 90 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ 83.90 నుంచి 104.71. పాస్ కావడానికి ఉండాల్సిన 80.00–125.00 పరిధిలో ఉంది, స్టడీ పాస్.

అదే డేటాకు మోడల్ 1 వేసి లీస్ట్ స్క్వేర్ మీన్స్ (మోడల్ సరిచేసి ఇచ్చే సగటులు) అడగండి. ఇంటరాక్షన్ పదం ఉండటంతో సాఫ్ట్‌వేర్ 30 మంది గ్రూప్‌కూ 10 మంది గ్రూప్‌కూ సమాన బరువు ఇస్తుంది. నిష్పత్తి 89.64 శాతానికి పడుతుంది, స్టాండర్డ్ ఎర్రర్ 15 శాతం పెరుగుతుంది, ఇంటర్వల్ 78.88 నుంచి 101.88 అవుతుంది. స్టడీ ఫెయిల్.

మరి ఇంటరాక్షన్ సిగ్నిఫికెంటేనా? రెండు గ్రూపుల లాగ్ నిష్పత్తుల మధ్య తేడా 0.178, దాని స్టాండర్డ్ ఎర్రర్ 0.152, టీ-విలువ 1.18. పి-విలువ దాదాపు 0.25. అంటే గ్రూపుల మధ్య తేడా ఉందనడానికి ఆధారం లేదు, అయినా మోడల్ 1 స్టడీని పడగొట్టింది. కారణం మందు కాదు, బరువులు వేసిన తీరు. మోడల్ 1 ఇంటరాక్షన్ పి-విలువ కోసం మాత్రమే. అందులోంచి వచ్చే ట్రీట్‌మెంట్ ఎస్టిమేట్‌ను ప్రాథమిక ఫలితంగా రిపోర్ట్‌లో పెట్టకండి.

ఇంటరాక్షన్ పరీక్ష ఏం చెప్తుంది, ఏం చెప్పలేదు

ఈ పరీక్షను 0.1 స్థాయిలో చేయడం అలవాటుగా వస్తోంది. నిజంగా ఇంటరాక్షన్ అసలేమీ లేకపోయినా, ప్రతి 100 స్టడీల్లో సగటున 10 స్టడీల్లో సిగ్నిఫికెంట్ అని వస్తుంది. సీమ్యాక్స్ (రక్తంలో మందు గరిష్ఠ స్థాయి), ఏయూసీ రెండింటికీ చూస్తే, అవి పరస్పరం స్వతంత్రమైతే ఏదో ఒకదానిలో రావడానికి 19 శాతం అవకాశం. వాస్తవంలో రెండింటికీ సంబంధం ఉంటుంది కాబట్టి కొంత తక్కువ. ఏటా పదుల కొద్దీ స్టడీలు చేసే చోట ఇది తప్పకుండా ఎదురవుతుంది.

రెండో వైపు కూడా చూడాలి. పై ఉదాహరణలో పి-విలువ 0.1 కంటే తగ్గాలంటే ఒక గ్రూప్ నిష్పత్తి ఇంకో గ్రూప్ నిష్పత్తికి 1.29 రెట్లు ఉండాలి. గ్రూపులు 20–20గా ఉంటే 1.25 రెట్లు చాలు. కాబట్టి సిగ్నిఫికెంట్ కాలేదంటే తేడా లేదని అర్థం కాదు, చిన్న తేడాను పట్టుకునే శక్తి ఆ పరీక్షకు లేదు. అందుకే పి-విలువతో పాటు ఒక్కో గ్రూప్ నిష్పత్తి, దాని ఇంటర్వల్ చూపించే చిన్న పట్టిక రిపోర్ట్‌లో ఉండాలి. గ్రూపులు సమానంగా ఉంటే ఈ పరీక్షకూ బలం వస్తుంది, బరువుల గొడవా ఉండదు. పడకలు 30 ఉన్నా 20–20గా విడగొట్టడం మేలు.

చాలా ఏళ్లు నడిచిన పద్ధతి ఒకటుంది. మోడల్ 1తో పరీక్షించి, పి-విలువ 0.1 కంటే తక్కువైతే అన్నింటికంటే పెద్ద గ్రూప్‌ను మాత్రమే విశ్లేషించడం, లేకపోతే మోడల్ 2కు వెళ్లడం. దీని ధర ఎంతో చూడండి. 40 మందికి 80 శాతం పైన ఉన్న పవర్, 24–16గా విడిపోయిన స్టడీలో 24 మందికే పరిమితమైతే 55 శాతం దరిదాపుల్లోకి పడుతుంది. 20–20 అయితే 43 శాతం చుట్టూ. పైగా రెండు గ్రూపులూ సమానమైతే పెద్దది ఏది? పాసైన దాన్ని ఎంచుకుంటే అది విశ్లేషణ అనిపించుకోదు.

మందుల నియమాలను దేశాల మధ్య ఏకం చేసే ఐసీహెచ్ సంస్థ బయోఈక్వివలెన్స్ గైడ్‌లైన్ ఎం13ఏ 2024 జూలైలో ఖరారైంది. దాని ప్రకారం బయోఈక్వివలెన్స్‌ను మొత్తం స్టడీ జనాభాలోని ట్రీట్‌మెంట్ ఎఫెక్ట్ ఆధారంగా తేల్చాలి, సాధారణంగా గ్రూప్-ట్రీట్‌మెంట్ పదం లేని మోడల్‌తో. ఇంటరాక్షన్‌ను మాత్రం పరిశీలించాలి. సిగ్నిఫికెంట్ అయితే రిపోర్ట్ చేసి, వీలైనంత వరకు మూలకారణం వెతకాలి. ఎఫ్‌డీఏ 2022 డిసెంబర్ డ్రాఫ్ట్ గైడెన్స్‌దీ ఇదే ధోరణి. పాత ఎస్‌ఏపీ (గణాంక విశ్లేషణ ప్రణాళిక) టెంప్లేట్‌లో ‘పెద్ద గ్రూప్’ వాక్యం ఇంకా ఉంటే, కొత్త స్టడీకి కాపీ చేసే ముందు దాన్ని తీసేయండి.

ప్రోటోకాల్ దశలో

గ్రూపులు వస్తాయని తెలిసిన రోజే సగం పని చేసేయొచ్చు. అన్ని గ్రూపులకూ ఒకే క్లినిక్‌లో, తక్కువ రోజుల తేడాతో డోసింగ్ పెట్టండి. వాలంటీర్లందరినీ ఒకే పూల్ నుంచి తీసుకోండి. గ్రూప్‌కూ సీక్వెన్స్‌కూ కేటాయింపు స్టడీ మొదట్లోనే ర్యాండమ్‌గా జరగాలి. ఇది ఆచరణలో కష్టం, ఎందుకంటే ముందు స్క్రీనింగ్ అయినవాళ్లు ముందు గ్రూప్‌లోకి, ఆలస్యంగా వచ్చినవాళ్లు తర్వాతి గ్రూప్‌లోకి పోతారు. మొదటి చెక్-ఇన్‌కు ముందే మొత్తం 40 మందికీ, అదనపువాళ్లకూ స్క్రీనింగ్ పూర్తయ్యేలా తేదీలు వేసుకుంటేనే సాధ్యం. స్క్రీనింగ్ రిపోర్టుల గడువు రెండో గ్రూప్ చెక్-ఇన్ తేదీ వరకు సరిపోతుందో లేదో కూడా చూసుకోవాలి.

ర్యాండమైజేషన్‌లో బ్లాక్ సైజు గ్రూప్ సైజును నిశ్శేషంగా భాగించాలి. 30 మంది గ్రూప్‌కు 4 బ్లాక్ సైజు పెడితే చివరి బ్లాక్ గ్రూప్ సరిహద్దు దాటుతుంది, సీక్వెన్సులు 16–14గా మిగలొచ్చు. ప్రతి గ్రూప్‌లోనూ సీక్వెన్సులు సమానంగా ఉంటే, గ్రూపుల మధ్య పీరియడ్ తేడాలు ట్రీట్‌మెంట్ ఎస్టిమేట్‌ను కదిలించలేవు. సమానంగా లేకపోతే, పీరియడ్‌ను నెస్ట్ చేయని మోడల్‌లో ఆ తేడా కొంత ట్రీట్‌మెంట్‌లోకి కారుతుంది.

టెస్ట్, రిఫరెన్స్ రెండూ అన్ని గ్రూపులకూ ఒకే బ్యాచ్ నుంచి ఇవ్వాలి. బయోఅనలిటికల్ (రక్త శాంపిళ్లలో మందును కొలిచే ల్యాబ్) వైపు ఒక్కో వాలంటీర్ అన్ని పీరియడ్ల శాంపిళ్లూ ఒకే రన్‌లో పడేలా చూడండి. అలా అయితే రన్‌ల మధ్య తేడా నిష్పత్తిలోకి రాదు.

ఎస్‌ఏపీలో ఇవి తప్పక రాయాలి: గ్రూప్ అంటే ఏమిటి (ఒకే తేదీన పీరియడ్ 1 డోసింగ్ అయినవాళ్లు అని స్పష్టంగా), ప్రాథమిక మోడల్‌లోని పదాలన్నీ, ఇంటరాక్షన్ పరీక్ష ఏ స్థాయిలో చేస్తారు, సిగ్నిఫికెంట్ అయితే ఏమేం పరిశీలిస్తారు. చిన్న గ్రూపులను కలిపే నియమం కూడా. డ్రాపౌట్ల స్థానంలో తర్వాత తీసుకున్న ముగ్గురే ఒక గ్రూప్ అయ్యి, ముగ్గురూ ఒకే సీక్వెన్స్‌లో ఉంటే ఆ గ్రూప్‌కు ట్రీట్‌మెంట్ ఎఫెక్ట్ లెక్కకు రాదు. మోడల్ 1లో సాఫ్ట్‌వేర్ ‘నాన్-ఎస్టిమబుల్’ అని వదిలేస్తుంది. ఇన్ని మంది కంటే తక్కువైతే ఏ గ్రూప్‌తో కలుపుతాం, కలపకుండా చేసే సెన్సిటివిటీ అనాలిసిస్ ఏది అన్నది డేటా రాకముందే రాసి ఉండాలి. వేర్వేరు సైట్లలో చేసే పేషెంట్ స్టడీల్లో ఈ నియమం లేకుండా అడుగు వేయలేరు.

డేటా పెట్టుకోవడం, నడపడం

ఒక్కో వరసలో సబ్జెక్ట్ నంబర్, గ్రూప్, సీక్వెన్స్, పీరియడ్, ట్రీట్‌మెంట్, సీమ్యాక్స్, ఏయూసీ ఉండాలి. రెండో గ్రూప్‌కు సబ్జెక్ట్ నంబర్లు మళ్లీ 1 నుంచి మొదలుపెట్టకండి. నెస్టింగ్ రాయడం ఎక్కడైనా మర్చిపోతే మొదటి గ్రూప్ 1వ నంబర్, రెండో గ్రూప్ 1వ నంబర్ ఒకే మనిషి అయిపోతారు. గ్రూప్, పీరియడ్, సబ్జెక్ట్ మూడింటినీ సాఫ్ట్‌వేర్‌కు క్లాస్ వేరియబుల్స్‌గా చెప్పాలి. ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఫ్యాక్టర్‌గా మార్చడం మర్చిపోతే గ్రూప్ 1, 2, 3లను అంకెలుగా తీసుకుని వాటి మీదుగా సరళరేఖ గీస్తుంది. డిగ్రీల లెక్క తప్పి వస్తుంది కాబట్టి ఇందాక చెప్పిన చూపుతోనే దొరికిపోతుంది.

సాస్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాక్ జీఎల్‌ఎం వాడేటప్పుడు ఎర్రర్ టర్మ్ జాగ్రత్త. గ్రూప్, సీక్వెన్స్, గ్రూప్-సీక్వెన్స్ మూడూ మనుషుల మధ్య తేడాలు. వాటిని సబ్జెక్ట్ మీన్ స్క్వేర్‌తో పరీక్షించాలి, అందుకు విడిగా ‘టెస్ట్’ అనే కోడ్ వాక్యం రాయాలి. రాయకపోతే డిఫాల్ట్‌గా రెసిడ్యువల్‌తో పోల్చి, లేని గ్రూప్ ఎఫెక్ట్‌ను సిగ్నిఫికెంట్‌గా చూపిస్తుంది. గ్రూప్-ట్రీట్‌మెంట్ మాత్రం ఒకే మనిషి లోపలి తేడా, దానికి రెసిడ్యువలే సరైనది. టైప్ 3 సమ్ ఆఫ్ స్క్వేర్స్ చూడండి. టైప్ 1 అయితే పదాలు రాసిన వరసను బట్టి జవాబు మారుతుంది.

ఫలితాన్ని చేత్తో సరిచూసే దారి ఒకటుంది, ఎక్సెల్ చాలు. రెండు పీరియడ్లూ పూర్తిచేసిన ప్రతి మనిషికీ టెస్ట్ లాగ్ నుంచి రిఫరెన్స్ లాగ్ తీసేయండి. ఒక్కో గ్రూప్‌లో సీక్వెన్స్ వారీగా సగటు కట్టండి. 10 మంది గ్రూప్‌లో టెస్ట్-ముందు సీక్వెన్స్ సగటు −0.250, రిఫరెన్స్-ముందు సీక్వెన్స్ సగటు −0.147 వచ్చాయనుకోండి. రెండింటి సగటు −0.1985, యాంటీలాగ్ తీస్తే 0.82. అది ఆ గ్రూప్ నిష్పత్తి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేసి సగం చేస్తే −0.0515. ఆ గ్రూప్‌లో పీరియడ్ 1 విలువలు పీరియడ్ 2 కంటే 5 శాతం తక్కువన్నమాట. సీక్వెన్సులు సమానంగా ఉంటే గ్రూప్ నిష్పత్తుల లాగ్‌లను తలల లెక్కన సగటు చేయండి, మోడల్ 2 ఎస్టిమేట్ వచ్చి తీరాలి. రాకపోతే తప్పు కోడ్‌లో ఉంది, డేటాలో కాదు.

ఇంటరాక్షన్ సిగ్నిఫికెంట్ వస్తే

ముందు సీమ్యాక్స్‌లోనా, ఏయూసీలోనా, రెండింటిలోనా చూడండి. సీమ్యాక్స్‌లో మాత్రమే వస్తే, శాంపిల్ తీసిన అసలు సమయాలు, నీళ్ల పరిమాణం, భోజనం ఎంతసేపట్లో ఎంత తిన్నారు అన్నవాటి దగ్గర మొదలుపెట్టాలి. రెండింటిలోనూ వస్తే డోసింగ్ రికార్డులు, మందు నిల్వ, బ్యాచ్ నంబర్లు.

తర్వాత ఇందాకటి ఎక్సెల్ పట్టికలోకి వెళ్లి, గ్రూప్‌లో ఒక్క మనిషే మొత్తాన్ని లాగుతున్నాడా చూడండి. 10 మంది గ్రూప్‌లో ఒక్కరి లాగ్ తేడా −1.2 అయితే, గ్రూప్ సగటు మీద అతని వాటా ఒక్కటే −0.12. వాంతి అయిందా, డోసింగ్‌కు ముందు శాంపిల్‌లోనే మందు కనిపించిందా, శాంపిళ్లు తారుమారయ్యాయా అన్నవి సోర్స్ డాక్యుమెంట్లలో వెతకాలి. ముందే రాసుకున్న కారణం దొరకకపోతే ఆ మనిషిని తీసేయకూడదు.

రెండు గ్రూపుల వయసు, బరువు, బీఎంఐ పక్కపక్కన పెట్టండి. తేడా ఒకే వైపు ఉందా (0.99, 0.91), ఎదురెదురుగా ఉందా (1.12, 0.88) అన్నదీ రాయండి. రెండో రకానికి రివ్యూయర్ దగ్గర గట్టి వివరణ కావాలి. అంతా చూశాక కారణం దొరక్కపోతే దొరకలేదనే రాయండి. ఏమేం పరిశీలించారో వరసగా చూపి, ప్రాథమిక ఫలితాన్ని మోడల్ 2 నుంచే ఇవ్వండి. ఫలితం చూశాక మోడల్ మార్చడం రివ్యూలో ఇట్టే బయటపడుతుంది, ఎందుకంటే ఎస్‌ఏపీ మీద తేదీ, సంతకం ఉంటాయి.

రెప్లికేట్, రెండు దశల స్టడీల్లో

రెప్లికేట్ స్టడీ అంటే ఒకే మందును ఒకే మనిషికి ఒకటికంటే ఎక్కువసార్లు ఇచ్చేది. అందులో వాడే రిఫరెన్స్-స్కేల్డ్ పద్ధతిలో (రిఫరెన్స్ హెచ్చుతగ్గులను బట్టి పాస్ హద్దులను మార్చేది) ఒక్కో మనిషికి టెస్ట్ సగటు, రిఫరెన్స్ సగటుల తేడా కట్టి, దాన్ని సీక్వెన్స్‌తో మోడల్ చేస్తారు. ఇక్కడ గ్రూప్‌ను మామూలు పదంలా చేర్చితే మోసపోతాం. తేడాల మోడల్‌లో గ్రూప్ అనే పదమే గ్రూప్-ట్రీట్‌మెంట్ ఇంటరాక్షన్ అవుతుంది, గ్రూప్-సీక్వెన్స్ పదం గ్రూప్ లోపలి పీరియడ్ తేడాలను మోస్తుంది. ఆ మోడల్‌లో డిఫాల్ట్ ఎస్టిమేట్ తీసుకుంటే మళ్లీ గ్రూపులకు సమాన బరువే పడుతుంది, మోడల్ 1 ఉదాహరణలో చూసిన చిక్కే తిరిగొస్తుంది. ఎస్టిమేట్ వాక్యంలో బరువులను మీరే ఇవ్వాలి, ఏ బరువులో ఎస్‌ఏపీలో రాయాలి.

రెండు దశల డిజైన్‌లో (మొదటి దశ ఫలితం చూసి, అవసరమైతే రెండో దశలో మరికొందరిని చేర్చేది) దశే గ్రూప్ లాంటిది. యూరప్ నియమాల ప్రకారం మోడల్‌లో దశ, సీక్వెన్స్, దశ-సీక్వెన్స్, వాటి లోపల సబ్జెక్ట్, దశ లోపల పీరియడ్, ట్రీట్‌మెంట్ ఉంటాయి. దశ-ట్రీట్‌మెంట్ పదం అవసరం లేదు. ఒక్కో దశలో మళ్లీ రెండు గ్రూపులుంటే నాలుగు గ్రూపులుగా కోడ్ చేసి, దశను విడిగా రాయకుండా గ్రూప్‌లోనే కలుపుకోవడం అన్నింటికంటే శుభ్రమైన దారి.